ఎకరం 177 కోట్లు, బస్టాండ్‌లో మూసీ నీళ్లు: హైదరాబాద్ పెరుగుదలలో లాభం ఎవరికి, బిల్లు ఎవరికి?

2025 సెప్టెంబర్ 26 రాత్రి మూసీ పొంగి ఎంజీబీఎస్‌లోకి వచ్చేసింది. ఎగువన జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) గేట్లు ఎత్తారు, బస్టాండ్ మునిగింది, దసరాకి ఊళ్లకి బయల్దేరినవాళ్లు లోపలే ఇరుక్కుపోయారు. ఆ తర్వాత పది రోజులకి అదే నగరంలో, రాయదుర్గంలో ప్రభుత్వం భూమి వేలం వేస్తే ఎకరం 177 కోట్లు పలికింది. మొదటి వార్త చూసి "ఈ ఊరు ఇక బాగుపడదు" అన్నవాళ్లే రెండోది చూసి "అప్పుడే ఒక ప్లాటు కొని పడేసుంటే" అనుకున్నారు, నాతో సహా.

ఈ రెంటికీ సంబంధం ఉందా అంటే ఉంది, కాకపోతే టీవీ చర్చల్లో అరిచినంత సూటి సంబంధం కాదు. రాయదుర్గంలో టవర్లు కట్టినందుకే ఎంజీబీఎస్ మునిగిందనేస్తే అది అబద్ధం. భూమి, ఉద్యోగం, తాగునీళ్లు, మురుగు, వాన నీళ్లు అన్నీ వేర్వేరు వేగాలతో నడుస్తుంటాయి. భూమి ధర ఒక్క రోజులో పెరుగుతుంది. దాని కింద వేయాల్సిన మురుగు లైను మాత్రం పదేళ్లు పడుతుంది. ఆ పదేళ్ల తేడాలో ఎవరి చేతికి డబ్బు వస్తోంది, ఎవరి ఇంట్లోకి నీళ్లు వస్తున్నాయి అన్నదే ఈ గొడవంతా. మొదట్నుంచి వద్దాం.

"నగరం పెరిగింది" అంటే ఏది పెరిగినట్టు?

ఈ మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి, సగం వాదనలు అందుకే తెగవు.

మొదటిది జనం. 2011 జనగణనలో జీహెచ్ఎంసీ (నగరపాలక సంస్థ) పరిధిలో సుమారు 67 లక్షలు, చుట్టుపక్కల అతుక్కున్న ప్రాంతాలతో కలిపితే 77 లక్షలు లెక్క తేలారు. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు కాబట్టి ఈ మధ్య అందరూ చెప్పే కోటి, కోటిపాతిక అన్నీ అంచనాలే. నీళ్ల పైపులు, స్కూళ్లు, బస్సులు అన్నీ ఈ అంచనాల మీదే ప్లాన్ అవుతున్నాయన్నది కొంచెం టెన్షన్ పెట్టే విషయమే.

రెండోది గీత. 2007లో పాత మున్సిపల్ కార్పొరేషన్‌లో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిపి జీహెచ్ఎంసీ చేశారు. అప్పటిదాకా 170 చదరపు కిలోమీటర్ల చిల్లర ఉన్న నగరం ఒక్క ఉత్తర్వుతో 650 చదరపు కిలోమీటర్లయింది. 2025 నవంబర్‌లో మరో 27 పట్టణ సంస్థల్ని కలపాలని కేబినెట్ నిర్ణయించింది, దాంతో లెక్క 2,000 చదరపు కిలోమీటర్లు దాటింది. ఇలా గీత జరిగినప్పుడల్లా జనాభా ఎగబాకినట్టు కనిపిస్తుంది, నిజానికి అక్కడ మనుషులు ముందునుంచే ఉన్నారు.

మూడోది ఎత్తు. ఒకే ఎకరంలో ఎంతమంది ఉంటున్నారన్నది. పుప్పాలగూడ, నార్సింగి, కొల్లూరు వైపు ఒకసారి తిరిగొస్తే దీనికి వివరణ అక్కర్లేదు.

జనం ఎందుకొస్తున్నారు, ఎందుకు వెనక్కి పోవడం లేదు

నగరం పెరగడమే ఒక జబ్బన్నట్టు మాట్లాడటం మనకి అలవాటైపోయింది. ఊళ్లో వ్యవసాయం బాగుంటే ఎవడొస్తాడండీ అంటారు. అందులో కొంత నిజముంది. పాలమూరు వలస కూలీల కథ తెలిసినవాళ్లెవరూ దాన్ని కాదనరు. కానీ నెట్టేవి ఎన్నున్నా లాగేది కూడా ఒకటుండాలి కదా.

ఆ లాగుడు ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఒకటే కంపెనీ ఉన్న చిన్న ఊళ్లో ఒక అమ్మాయి అకౌంటెంట్‌గా చేస్తోంది అనుకోండి. ఆ కంపెనీ మూతపడితే ఇల్లు, పిల్లల స్కూలు, అన్నీ మారిపోవాలి. అదే హైదరాబాద్‌లో అయితే దిగే మెట్రో స్టేషన్ ఒక్కటే మారుతుంది. కంపెనీ వైపు నుంచి చూసినా అంతే, వారంలో వందమంది ఇంటర్వ్యూకి దొరికే చోటు వదిలి ఎవరూ పోరు. ఒకరి కోసం ఒకరొచ్చి, వాళ్ల కోసం మరొకరొచ్చి, చివరికి అందరూ ఒకేచోట చేరడమే నగరమంటే. రాష్ట్ర ప్రభుత్వ లెక్కల్లో 2014లో 3.23 లక్షలున్న ఐటీ ఉద్యోగాలు 2023 నాటికి 9 లక్షలు దాటాయి. ఆ తొమ్మిది లక్షల మంది వెనక వంటమనిషి, క్యాబ్ డ్రైవర్, హాస్టల్ నడిపే ఆవిడ, సెక్యూరిటీ గార్డు, టవర్ కట్టిన ఒడిశా, బీహార్ కూలీ, వాళ్లకి టిఫిన్ పెట్టే శ్రీకాకుళం బండి ఉన్నారు. ఈ రెండో వరస లెక్క సరిగ్గా ఎవరూ తీయలేదు.

ఇదంతా 1998లో సైబర్ టవర్స్‌తోనే మొదలైందని చాలామంది అనుకుంటారు. అది సగం కథే. 1960ల్లోనే బాలానగర్‌లో మందులు తయారుచేసే ఐడీపీఎల్, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, ఆ తర్వాత ఈసీఐఎల్ వచ్చాయి. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన కల్లం అంజిరెడ్డి ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చినవారే. ప్రభుత్వ రంగ సంస్థ ఒకటి తయారుచేసిన మనుషులు తర్వాత ఫార్మా నగరాన్ని నిలబెట్టారు. ఇలాంటి ఫలితం వేలం పాటలో కనిపించదు, ముప్పై నలభై ఏళ్లకి గానీ తెలియదు.

177 కోట్ల ఎకరం లెక్క, నేలకి అంత రేటు ఎలా గిట్టుబాటవుతుంది?

ఇక్కడ ఒక పదం తెలియాలి. ఎఫ్ఎస్ఐ. స్థలం ఎంతుందో దానికి ఎన్ని రెట్ల అంతస్తుల విస్తీర్ణం కట్టుకోనిస్తారు అన్నదే అది. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. ఎఫ్ఎస్ఐ 2.5 అంటే దాని మీద 1.09 లక్షల చదరపు అడుగులు కట్టుకోవచ్చు. చాలా నగరాల్లో దీనికి గట్టి పరిమితి ఉంటుంది. హైదరాబాద్‌లో 2006 నుంచి, జీవో 86 వచ్చాక, అలాంటి పరిమితి లేదు. ముందు రోడ్డు ఎంత వెడల్పుంది, చుట్టూ ఎంత ఖాళీ వదిలారు అన్నదాన్ని బట్టి ఎత్తు నిర్ణయమవుతుంది.

ఇప్పుడు లెక్కేద్దాం. ఎకరం 177 కోట్లకి కొన్నాయన 1.09 లక్షల చదరపు అడుగులే కట్టగలిగితే ఒక్కో అడుగు మీద భూమి ఖర్చే 16,250 రూపాయలు పడుతుంది. సిమెంటు, ఇనుము ఇంకా మొదలవ్వనే లేదు. అదే ఎకరంలో 4 లక్షల అడుగులు లేపితే అది 4,425కి దిగుతుంది. 8 లక్షలైతే 2,200 చిల్లర. కాబట్టి ఆ రేటు పెట్టినవాడు మన తాతలు చూసిన నేలని కొనడం లేదు, పైన ఉన్న గాలిని కొంటున్నాడు. ఎత్తుకి హద్దు లేదు కాబట్టే నేలకి అంత రేటు.

దీని మీద రెండు వాదనలూ వినదగ్గవే. సమర్థించేవాళ్లు ఏమంటారంటే, ఎఫ్ఎస్ఐ బిగించిన ముంబైలో అగ్గిపెట్టెలాంటి ఇంటికి కోట్లు పోయాల్సొచ్చింది, ఇక్కడ సరఫరా ఎక్కువ ఉండబట్టే మధ్యతరగతి ఇంకా ఫ్లాటు కొనగలుగుతోంది. పైగా ఎత్తుగా కడితే నగరం పొలాల మీదికి పాకడం తగ్గుతుంది. వేలం డబ్బు ప్రభుత్వానికి వస్తుంది, దాంతో రోడ్లేసుకోవచ్చు. వ్యతిరేకించేవాళ్ల మాట వేరు. టవర్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు ముందున్న రోడ్డు వెడల్పు చూస్తున్నారు సరే, ఆ రోడ్డు కింద పైపు వెడల్పు ఎవరు చూస్తున్నారు?

ఆ ప్రశ్నకి అంకెలు పెడదాం. మన 4 లక్షల అడుగుల ఎకరంలో 2,000 అడుగుల ఫ్లాట్లు 200 వస్తాయి. ఇంటికి నలుగురు చొప్పున 800 మంది. మనిషికి రోజుకి 135 లీటర్లు అన్నది మన దేశంలో నగరాల నీటి ప్లానింగ్‌కి వాడే ప్రమాణం. అంటే రోజుకి 1.08 లక్షల లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే 21 పైచిలుకు. వాడిన నీళ్లలో 80 శాతం మురుగుగా బయటికొస్తాయని లెక్క, అంటే పదిహేడు ట్యాంకర్ల మురుగు. ఇది రోజూ, ఒక్క ఎకరం నుంచి. నిన్నటిదాకా అక్కడ రాళ్లూ సీతాఫలం చెట్లే ఉండేవి.

వేలం డబ్బు ఒకేసారి ఖజానాలోకి వస్తుంది. ఈ పదిహేడు ట్యాంకర్లు మాత్రం ఏళ్ల తరబడి, కిందనున్న ఎవరో ఒకరి కాలనీ మీదుగా పోతుంటాయి.

1790 అడుగుల నీళ్లు, 590 అడుగుల నీళ్లు

వర్షాకాలంలో గండిపేట మట్టం 1790 అడుగులకి చేరువైందని వార్త వస్తే మనం గేట్లు ఎత్తుతారని భయపడతాం. ఆ అంకెలో ఇంకో సంగతుంది. గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, సముద్రమట్టానికి 1790 అడుగుల ఎత్తునుంది. నగరం దానికన్నా పల్లంలో ఉంది. కాబట్టి ఆ నీళ్లు తమంతట తామే నగరానికి నడిచొచ్చేవి. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద దాదాపు పదిహేను వేల మందిని మింగాక, విశ్వేశ్వరయ్య సూచనల మేరకు వరద ఆపడానికీ తాగడానికీ రెంటికీ పనికొచ్చేలా కట్టినవి ఈ జలాశయాలు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

ఇప్పుడు మనం తాగే నీళ్లలో ఎక్కువ భాగం కృష్ణా, గోదావరి నుంచి వస్తోంది. నాగార్జునసాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. నూరు కిలోమీటర్లకు పైగా పైపులో తోస్తూ, దారిలో 360 మీటర్లు పైకి ఎత్తుకు రావాలి. గోదావరి నీళ్లు తెచ్చే ఎల్లంపల్లి మట్టం 148 మీటర్లే, అక్కడినుంచి ఎత్తు ఇంకా ఎక్కువ, దూరం కూడా ఎక్కువే.

వెయ్యి లీటర్లని 360 మీటర్లు ఎత్తడానికి ఎంత కరెంటు కావాలి? హైస్కూల్ ఫిజిక్స్‌తో లెక్కేస్తే సుమారు ఒక యూనిట్. అది మోటారు ఏ నష్టమూ లేకుండా, పైపులో రాపిడి లేకుండా పనిచేస్తే. నిజంలో ఇంకొంచెం ఎక్కువే. 2021 జనవరి నుంచి ఇంటికి నెలకి 20,000 లీటర్లు ఉచితమన్నారు కదా, ఆ ఉచితం వెనక ఇంటింటికీ కనీసం 20 యూనిట్ల కరెంటు ఉంది. నీళ్లు ఉచితంగా ఇవ్వడం తప్పనడం లేదు. బస్తీల్లో ఆ పథకం నిజంగా ఆసరా. కానీ నగరానికి నీళ్లిచ్చే జలమండలి కరెంటు బిల్లు ఎవరో ఒకరు కట్టాలి, లైను ఇంకా చేరని శివారు కాలనీవాడు మాత్రం ఎండాకాలంలో ట్యాంకర్‌కి చేతినుంచే కడుతున్నాడు. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ తప్ప వేరే టాపిక్ ఉండదు.

చెరువు నిండితే ఎక్కడికి పోవాలో నీటికి తెలుసు

ఇక అసలు చిక్కుముడి దగ్గరికొచ్చాం. హైదరాబాద్ పక్కన పెద్ద నది ఏదీ ఏడాది పొడవునా పారదు, కింద చూస్తే అంతా బండ. అందుకే పాతకాలంలో గొలుసుకట్టు చెరువులు కట్టుకున్నారు. పైనున్న కుంట నిండితే మత్తడి దూకి, వాగులో పడి, కింది చెరువు నింపుతుంది. అది నిండితే ఇంకో కిందిది. ఆ వాగునే ఇప్పుడు మనం నాలా అంటున్నాం, అందులో మురుగు కలిసింది కాబట్టి అది పుట్టుకతోనే డ్రైనేజీ అనుకుంటున్నాం.

చెరువు కడుపు ఎంతుంటుందో ఒక ఉదాహరణ. 20 ఎకరాల చెరువు, సగటు లోతు 2 మీటర్లు అనుకోండి. అందులో పట్టే నీళ్లు సుమారు 16 కోట్ల లీటర్లు. ఇప్పుడు ఒకే రోజు 10 సెంటీమీటర్ల వాన పడిందనుకోండి. ఎకరం మీద పడేది 4 లక్షల లీటర్లు. అంటే ఆ చిన్న చెరువు ఖాళీగా ఉంటే 400 ఎకరాల మీద పడ్డ వాన మొత్తాన్ని, చుక్క వదలకుండా, తన దగ్గరే పెట్టుకోగలదు. అందులో 8 ఎకరాలు మట్టిపోసి ప్లాట్లు వేశారా, 240 ఎకరాల వానకే చాలుతుంది. మిగతా 160 ఎకరాల నీళ్లు ఎక్కడికి పోవాలి?

అక్కడితో అయిపోలేదు. ఆ 400 ఎకరాలు పొలమో బీడో అయినప్పుడు పడిన వానలో కొంత ఇంకుతుంది. లెక్క కోసం 30 శాతమే పారుతుందనుకుందాం. ఎకరానికి 24 ట్యాంకర్లు. అదే నేల మీద రోడ్లు, స్లాబులు, పార్కింగ్ టైల్స్ పరిచేశాక 90 శాతం పారుతుందనుకుంటే 72 ట్యాంకర్లు. వాన అదే, చెరువు తగ్గింది, పారే నీళ్లు మూడింతలయ్యాయి, అవి కూడా సాయంత్రానికి కాకుండా గంటలోనే దిగిపోతున్నాయి. 2020 అక్టోబర్‌లో నగరం మునిగినప్పుడు "వంద ఏళ్లలో చూడని వాన" అన్నారు. వాన పెద్దదే, ఘట్‌కేసర్ దగ్గర 30 సెంటీమీటర్లు దాటింది. కానీ ఎక్కడ మునిగిందో చూస్తే మిగతా కథ అర్థమవుతుంది. పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టల కింది కాలనీలు, టోలిచౌకి దగ్గర చెరువుని ఆనుకున్న నదీమ్ కాలనీ. మాసబ్ ట్యాంక్ అన్న పేరులో ట్యాంక్ ఇప్పటికీ ఉంది, నీళ్లు మాత్రం ఎక్కడా కనిపించవు.

శికం, ఎఫ్‌టీఎల్, బఫర్ అంటే

చెరువు పక్కన ప్లాటు కొన్నవాళ్ల బాధంతా ఈ మూడు మాటల్లో ఉంది.

ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. మత్తడి ఎత్తుని బట్టి ఇది తేలుతుంది. బఫర్ అంటే ఆ గీత బయట కట్టడాలు లేకుండా వదలాల్సిన పట్టీ. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు.

శికం కొంచెం తిరకాసు వ్యవహారం. చెరువు కడుపులోని భూమిని శికం అంటారు. ఇందులో ప్రభుత్వానిదీ ఉంటుంది, రైతుల పట్టాదీ ఉంటుంది. పట్టా శికం రైతుది పక్కా హక్కే, కాకపోతే నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే హక్కు, ఇళ్లు కట్టే హక్కు కాదు. ఇలాంటి భూమి ఒక వెంచర్ చేతికి పోయి, గజాల్లోకి మారి, రిజిస్ట్రేషన్ అయిపోయి, ఇంటి నంబరు వచ్చి, కరెంటు మీటరు వచ్చి, బ్యాంకు లోనూ వచ్చేస్తే కొన్న మనిషికి అనుమానం ఎక్కడొస్తుంది? రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం రాసుకుంటుందే తప్ప అది చెరువా కాదా అని చూడదు. చెరువు సాగునీటి శాఖది, భూమి రికార్డు రెవెన్యూది, లేఅవుట్ హెచ్ఎండీఏ (మహానగర అభివృద్ధి సంస్థ)ది, ఇంటి పర్మిషన్ మున్సిపాలిటీది, పైపు జలమండలిది. హెచ్ఎండీఏ పరిధిలో దాదాపు 2,800 చెరువులుంటే చాలావాటికి ఎఫ్‌టీఎల్ గీత ఖరారు నోటిఫికేషన్ ఏళ్ల తరబడి నానుతూ వచ్చింది. గీతే ఖరారు కానప్పుడు దాటారనేది ఎవరు తేల్చాలి?

కూల్చడం న్యాయమా, కూల్చకపోవడం న్యాయమా

2024 జులైలో హైడ్రా వచ్చింది, చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించడానికి ప్రభుత్వం పెట్టిన సంస్థ. ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంట పక్కనున్న, నటుడు నాగార్జున ఫంక్షన్ హాల్ ఎన్ కన్వెన్షన్‌ని కూల్చడంతో దేశమంతా చూసింది. పెద్దవాళ్ల కట్టడం మీదికి బుల్‌డోజర్ పోయేసరికి మొదట్లో జనం చప్పట్లు కొట్టారు. తర్వాత అమీన్‌పూర్ లాంటి చోట్ల మామూలు ఇళ్ల మీదికొచ్చాక మాట మారింది. ఆదివారం పూట కూల్చడమేమిటని హైకోర్టు కూడా గట్టిగానే నిలదీసింది.

సమర్థించేవాళ్ల వాదన బలమైనదే. కూల్చకపోతే ఆక్రమణే మంచి పెట్టుబడి అయిపోతుంది, చట్టం పాటించినవాడు వెర్రివాడవుతాడు. పైన ఉన్న ఒక్క ఆక్రమణ కింద ఉన్న వెయ్యి ఇళ్లని ముంచుతుంది, ఆ వెయ్యి ఇళ్లవాళ్లకి హక్కుల్లేవా? అంబర్‌పేట బతుకమ్మకుంటని తవ్వి, 2025లో మళ్లీ నీళ్లతో చూపించాక ఈ వాదనకి కళ్లెదుట ఉదాహరణ దొరికింది.

ఎదుటివాళ్ల వాదనా తీసెయ్యలేం. తప్పు చేసిన గొలుసులో వెంచర్ వేసినవాడున్నాడు, పర్మిషన్ ఇచ్చిన అధికారి ఉన్నాడు, లోన్ ఇచ్చిన బ్యాంకు ఉంది, చిట్టచివర ఇల్లు కొన్నవాడున్నాడు. శిక్ష మాత్రం ఆ చివరివాడికే పడుతోంది. ఇల్లు పోయినా ఈఎంఐ పోదు. నా మట్టుకు నాకు వీళ్ల మాటలో "కూల్చొద్దు" కన్నా "ముందు గీత గీయండి, తర్వాత నోటీసు ఇవ్వండి, అమ్మినవాడిని కూడా పట్టుకోండి" అన్నదే ఎక్కువ వినిపిస్తుంది. రెండు వైపులా తిట్టుకుంటున్నవాళ్లలో చాలామంది నిజానికి ఒకేదాన్ని అడుగుతున్నారేమో.

మధ్యేమార్గంగా ఎల్ఆర్ఎస్ ఉంది కదా అంటారు. అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు కొన్నవాళ్లు రుసుము కట్టి సక్రమం చేసుకునే పథకం. 2020లో రాష్ట్రవ్యాప్తంగా దాదాపు 25 లక్షల దరఖాస్తులొచ్చాయి. ఆ అంకె చూస్తే ఎవరిది తప్పు అనడానికి నోరు రాదు, ఇంతమంది చేసిందాన్ని ఉల్లంఘన అనలేం, అదే మన పద్ధతి అనాలి. లేఅవుట్‌లో వదలాల్సిన ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టించుకుంటారు. డబ్బు వస్తుంది, పార్కు రాదు. చెరువులో పడ్డ ప్లాటుకైతే ఎల్ఆర్ఎస్ ఎలాగూ వర్తించదు.

84 ఊళ్ల తగువు

1996లో వచ్చిన జీవో 111 జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, పెద్ద కట్టడాలు, పరిశ్రమలు రాకుండా ఆపింది. మొత్తం 1.32 లక్షల ఎకరాలు. 2022లో జీవో 69 తెచ్చి ఈ కట్టు సడలించారు, 2023 మేలో పూర్తిగా ఎత్తేస్తున్నామని అప్పటి కేబినెట్ ప్రకటించింది. అయినా తగువు తెగలేదు.

మొయినాబాద్ వైపు రైతు దగ్గర కూర్చుంటే ఈ తగువు వేరేలా కనిపిస్తుంది. గీతకి అవతల కోకాపేటలో 2023లోనే ఎకరం వంద కోట్లు దాటింది. గీతకి ఇటుపక్క తనది వ్యవసాయ భూమిగానే ఉండిపోయింది. నగరానికి నీళ్లు కాపాడటం కోసం పాతికేళ్లకు పైగా తన భూమి ధర తొక్కిపెట్టారు, ఆ నీళ్లు తాగినవాళ్లెవరూ ఒక్క రూపాయి పరిహారం ఇవ్వలేదు. ఇప్పుడు నగరం కృష్ణా, గోదావరి నీళ్లు తాగుతోంది కదా, ఇంకా నన్నెందుకు కట్టేస్తారు అంటాడు. దీనికి పర్యావరణవేత్తల జవాబు, ఆ జలాశయాలు తాగడానికి మాత్రమే కట్టలేదని. వరద ఆపడం వాటి మొదటి పని. పైన ఉన్న 84 ఊళ్లూ కాంక్రీటైతే, ఇందాక మనం వేసిన 24, 72 ట్యాంకర్ల లెక్క 1.32 లక్షల ఎకరాలకి వేసుకోండి. ఆ నీళ్లన్నీ గేట్ల దాకా వచ్చాక కింద ఎంజీబీఎస్ ఉంటుంది. పైగా కృష్ణా నీళ్లకి కరెంటు బిల్లుంది, గండిపేట నీళ్లకి లేదు.

రైతుకి డబ్బు ముట్టేలా, నేల ఖాళీగా ఉండేలా చేసే దారి ఒకటుంది. టీడీఆర్ అంటారు. నీ భూమిలో కట్టకుండా వదిలిన హక్కుని కాగితం మీద ఇస్తారు, దాన్ని ఇంకోచోట టవర్ కట్టేవాడికి అమ్ముకోవచ్చు. చెప్పడానికి బాగుంది. కానీ మనం చూశాం కదా, హైదరాబాద్‌లో ఎత్తుకి దాదాపు హద్దే లేదు. అదనపు అంతస్తులు ఊరికే వస్తుంటే ఆ కాగితం ఎవరు పెద్ద రేటు పెట్టి కొంటారు? ఎఫ్ఎస్ఐ తగువు, 84 ఊళ్ల తగువు వేర్వేరు అనుకుంటాం గానీ ఇక్కడ ఒకదానికొకటి ముడిపడిపోయాయి.

మూసీ ఒడ్డున

2024 చివర్లో మూసీ నదీగర్భంలోని ఇళ్ల గోడల మీద అధికారులు ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసి వెళ్లారు, ఆర్‌బీ అంటే రివర్ బెడ్, నదీగర్భం. ప్రభుత్వం మాట ఏమిటంటే, నది శుభ్రం కావాలి, గర్భంలో ఇళ్లుండకూడదు, వరదొస్తే మొదట పోయేది అక్కడివాళ్ల ప్రాణాలే. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు ఇస్తామన్నారు. అయినా చాలామంది వద్దని రోడ్డెక్కారు. బయటివాళ్లకి ఇది విచిత్రంగా అనిపించింది, మురికి కాలవ పక్కన ఉంటామంటారేమిటని.

అక్కడుండే ఒకావిడ నాలుగిళ్లలో పనిచేస్తోంది అనుకుందాం. ఇంటికి మూడు వేలు, నెలకి పన్నెండు వేలు. నాలుగూ నడక దూరం. పొద్దున ఆరింటికి ఒక ఇల్లు, ఏడున్నరకి ఇంకోటి, మధ్యలో వచ్చి పిల్లల్ని స్కూలుకి పంపి మళ్లీ పోతుంది. ఆమెకి ఇరవై కిలోమీటర్ల అవతల, లిఫ్టున్న కొత్త ఫ్లాటు ఇచ్చారు. ఆడవాళ్లకి బస్సు ఉచితం కాబట్టి టికెట్ ఖర్చు లేదు. కానీ పోను గంటన్నర, రాను గంటన్నర. పొద్దున ఆరింటి ఇల్లు పోయింది, మధ్యలో ఇంటికొచ్చే వీలు పోయింది, చివరికి రెండిళ్లు మిగిలితే ఆరు వేలు. కొత్త ఫ్లాటు చుట్టుపక్కల ఉన్నవాళ్లంతా తనలాంటివాళ్లే, పని ఇచ్చే ఇళ్లు లేవు. ఇందాక అకౌంటెంట్ అమ్మాయికి నగరం ఏమిచ్చిందో ఈవిడకీ అదే ఇచ్చింది, పని దగ్గర్లో ఉండటం. ఆమె పాత ఇంటి గోడల విలువ కట్టి, అంతకన్నా విలువైన గోడలు ఇచ్చారు. నడక దూరానికి మాత్రం ఎవరూ విలువ కట్టలేదు.